మూడో అనుమతి

షేర్ ఆటో దిగి, చేతికర్ర కొనతో మట్టికీ తారుకీ మధ్య అంచును వెతుక్కుంటూ సిలార్ ఆఫీసు వైపు నడుస్తున్నాడు. ఎడమపక్క నీళ్ళు కట్టిన వరిమళ్ళ చల్లదనం, కుడిపక్క హైవే లారీల వేడి. ముప్పై నాలుగు అడుగులకు టీకొట్టు స్టవ్ హోరు. అక్కణ్ణుంచి యాభై రెండు అడుగులకు గేటు. గేటు దాటితే రొయ్యల మేత వాసన మొదలవుతుంది. చేపపొడి, సోయాపిండి, చేపనూనె కలిసిన ఆ వాసన పన్నెండేళ్ళుగా అతని చొక్కాల్లో కాపురం ఉంది. భార్య ముంతాజ్ ఎంత ఉతికినా పోదు.

కొడవలూరు దగ్గర ఉన్న ఆ మేత కంపెనీ బ్రాంచి ఆఫీసులో సిలార్ ఫోను గుమాస్తా. రొయ్యల రైతులు ఫోన్ చేస్తే మాట్లాడి, వాళ్ళకు కావలసిన మేత కంప్యూటర్లో ఎక్కించడం అతని పని. వయసు యాభై ఒకటి. పొట్టి మనిషి. పై గుండీ దాకా పెట్టుకున్న ఇస్త్రీ చొక్కా, నూనె రాసి వెనక్కి దువ్విన పలచని జుట్టు. నాలుగో ఏట తట్టు పోసి చూపు పోయింది. కనురెప్పలు సగం వాలి ఉంటాయి. నల్లద్దాలు పెట్టుకోడు. వేళ్ళు మాత్రం ఆ శరీరానికి చెందనట్టు లావుగా, కొనలు చదునుగా ఉంటాయి. పదేళ్ళపాటు ప్రభుత్వ ఆఫీసుల కుర్చీలకు పేము అల్లిన వేళ్ళు అవి. ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాక ఆ పని పోయింది. తర్వాత బస్టాండులో ఎస్టీడీ బూత్ పెట్టుకున్నాడు. సెల్‌ఫోన్లు వచ్చాక అదీ పోయింది.

కుర్చీ వెనక కర్ర ఆనించి, కూర్చుని, కంప్యూటర్ మీట నొక్కాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూశాడు. రోజూ ఇంకో నిమిషానికి చెవిలో దొర పలకరించాలి. ఈ రోజు ఫ్యాను చప్పుడే సన్నగా, పరాయిగా వినిపించింది. కీబోర్డు తడిమాడు. మీటలు బల్లపరుపుగా, జారిపోయేటట్టు ఉన్నాయి. దొరను లేపే మూడు మీటలు ఒకేసారి నొక్కాడు. చెవిలో ఏమీ లేదు.

“సుబ్బూ, ఏంది ఇది? దొర లేవలా?”

పక్క బల్ల దగ్గర లోడు కాగితాలు రాసే సుబ్బు కుర్చీ తిప్పాడు. “మిషన్లన్నీ మార్చినారు భాయ్. నిన్న ఆదివారం హెడ్డాఫీసోళ్ళు వచ్చి పాతయన్నీ తుడిచేసి ఎత్తకపోయినారు. నీకు జెప్పలేదా?”

“నాకెవురు జెప్తారు.”

దొర అంటే కంప్యూటర్ తెరమీద ఉన్నదంతా చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. అందులో గొంతు ఒక ఇంగ్లీషు మగమనిషిది కాబట్టి సిలార్ దానికి ఆ పేరు పెట్టాడు, ఆఫీసంతా అదే పేరు ఖాయమయింది. గంగులయ్య అనే రైతు పేరును ఆ గొంతు ‘గ్యాంగ్యులాయా’ అని చదివేది. కోట అనే ఊరిని ‘కోటా’ అనీ, తడను ‘టాడా’ అనీ అనేది. మొదటి నెల సిలార్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. తర్వాత ఆ వంకర తెలుగే అతనికి కళ్ళయింది.

దాన్ని కొనిపెట్టింది అప్పటి మేనేజరు సంజీవరావు. బస్టాండు బూత్‌లో ఫోన్ చేసుకోవడానికి వచ్చినప్పుడు, సిలార్ ఏ పుస్తకమూ లేకుండా వందల నంబర్లు నోటితో చెప్పడం చూసి ఈ ఉద్యోగంలోకి తీసుకున్నాడు. సాఫ్ట్‌వేర్ ఖరీదు సగం కంపెనీ పెట్టుకుంది, సగం సిలార్ జీతంలోంచి నెలనెలా కోసుకుంది. బిల్లు మాత్రం కంపెనీ పేరునే రాశారు.

ఫోన్ మోగింది. సిలార్ చేయి చటుక్కున దానిమీదికి వెళ్ళింది. ఫోన్ ఉన్నచోటే ఉంది, దాన్నింకా ఎవరూ మార్చలేదు.

“భాయ్, రొయ్యలు పైకొచ్చి నోళ్ళు తెరస్తాండాయి.”

చిట్టమూరు గంగులయ్య. పేరు చెప్పడు, చెప్పనక్కర్లేదు. వలలు మానేసి రెండెకరాల రొయ్యల గుంట కౌలుకు తీసుకున్నప్పటి నుంచి ఏడేళ్ళుగా సిలార్‌కు ఆ గొంతులో ఏ వణుకు ఏ జబ్బో తెలుసు.

“ఏరియేటర్లు తిరగతాండాయా?”

“తెల్లారగట్ట కరెంటు పోయింది భాయ్. ఇప్పుడే వచ్చింది.”

“నీళ్ళలోకి గాలి పోవాల, నాలుగూ తిప్పు. ఈ పూట మేత వెయ్యబాక. నీళ్ళు ఏం రంగులో ఉండాయి?”

“ముదురుపచ్చ. గోధుమ కలిసినట్టు ఉండాది.”

“అయితే సగం నీళ్ళు మార్చాల్సిందే. మధ్యాన్నం దాకా గట్టు దిగబాక. నాకు ఫోన్ చెయ్యి.”

తానెన్నడూ చూడని రంగుల గురించి సిలార్ రోజుకు ఇరవైసార్లు అడుగుతాడు. తప్పు సలహా చెప్పాడని ఏ రైతూ అనలేదు. గంగులయ్యకు రేపటికి మూడో నంబరు మేత ఇరవై బస్తాలు కావాలి. అలవాటుగా వేళ్ళు మీటల మీదికి వెళ్ళి ఆగిపోయాయి. సుబ్బుకు చెప్పి కాగితం మీద రాయించాడు. పదింటిలోపు ఇంకో ఎనిమిది ఫోన్లు వచ్చాయి. మూడోదానికే సుబ్బు విసుక్కోవడం మొదలుపెట్టాడు. మిగిలినవి సిలార్ తలలోనే పెట్టుకున్నాడు.

ప్రసాద్ వచ్చాడు. హెడ్డాఫీసు కంప్యూటర్ ఇంజనీరు. మెడలో వేలాడే కార్డు బల్ల అంచుకు కొట్టుకుంటూ టిక్కుటిక్కుమంటోంది. మాట మెత్తగానే ఉంది.

“అన్నా, పాత ఆపరేటింగ్ సిస్టంకి ఏటా లైసెన్స్ ఫీజు కట్టాల. అందుకని ఫీజు లేనిది పెట్టినారు అన్ని బ్రాంచిల్లో. నీ దొర దీంట్లో ఎక్కడు. వాడు పాత సిస్టంలోనే పనిచేస్తాడు.”

“మరి నేను?”

“దీంట్లోనూ చదివేది ఒకటుందిలే. ఉండు.”

ప్రసాద్ ఏవో నొక్కాడు. ఒక ఆడగొంతు, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు, పలికింది. మేత ఆర్డర్ల పేజీ తెరిచారు. సిలార్ ఒక్కో మీట నొక్కుతూ కిందికి దిగాడు.

“బటన్,” అంది గొంతు. “బటన్. బటన్. బటన్.”

“ఏ బటనో చెప్పదా?”

“మన ఆర్డర్ల ప్రోగ్రాం రాసినోళ్ళు వాటికి పేర్లు పెట్టలేదన్నా. నీ దొర పాతదాంట్లో నేర్చుకున్నాడు కాబట్టి సరిపోయింది.”

“బటన్. బటన్,” అంది గొంతు మళ్ళీ. గదిలో ఎవరో నవ్వారు. సిలార్ కూడా నవ్వాడు. వాళ్ళ నవ్వు ఆగిపోయాక కూడా అతని మొహం మీద ఆ నవ్వు కాసేపు అట్లాగే ఉండిపోయింది, దాన్ని ఎట్లా తీసేయాలో తెలియనట్టు.

“ఉచితంగా దొరికేవి ఉంటాయంట గదా, అదేదన్నా పెట్టు సామీ.”

“బయటి సాఫ్ట్‌వేర్ ఒక్కటి కూడా పెట్టకూడదని రూలన్నా. పెడితే నా ఉద్యోగం పోతాది.” ప్రసాద్ కాసేపు ఆలోచించాడు. “ఒక పని చేద్దాం. అకౌంట్సు గదిలో పాత మిషన్ ఒకటి ఉంచినారు. వాళ్ళ లెక్కల ప్రోగ్రాం కొత్తదాంట్లో రాదని. దాంట్లో నీ దొరని ఎక్కిద్దాం. నువ్వు అక్కడ కూర్చో.”

అకౌంట్సు గదిలోకి అడుగులు కొత్త. పదకొండు, ఎడమకు తిరిగి ఆరు. పాత మిషన్ ఫ్యాను గరగర వినగానే సిలార్‌కు ప్రాణం లేచొచ్చింది. సీడీ అక్కర్లేదు, ఇంటర్నెట్ నుంచే దిగుతుంది. లైసెన్స్ నంబరు అడిగింది. ప్రసాద్ పాత ఫైలు వెతకబోతుంటే సిలార్ నోటితో చెప్పాడు. ఇరవై అంకెలు, ఎక్కడా ఆగకుండా.

“అమ్మో, ఎట్ట గుర్తుందన్నా?”

“నొక్కు ముందు.”

ప్రసాద్ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. ఆ రెండో నొక్కుకే సిలార్‌కు విషయం తెలిసిపోయింది.

“మూడు అనుమతులూ అయిపోయినాయంట అన్నా.”

ఆ సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్ళకు మూడు అనుమతులు ఇస్తారు. ఒక కంప్యూటర్లో ఎక్కిస్తే ఒకటి ఖర్చవుతుంది. ఆ కంప్యూటర్ తీసేసేముందు లోపలికి వెళ్ళి ఒక బటన్ నొక్కితే ఆ అనుమతి వాపసు వస్తుంది. నొక్కకుండా కంప్యూటర్‌ను తుడిచేస్తే పోయినట్టే. మొదటిది ఆరేళ్ళ కిందట పిడుగుపడి డిస్కు మాడిపోయినప్పుడు పోయింది. రెండోది నిన్న పోయింది. ఆదివారం వచ్చినవాళ్ళు ఆ ఒక్క బటన్ నొక్కి ఉంటే సరిపోయేది. అర నిమిషం పని.

ప్రసాద్ ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళ సహాయ కేంద్రానికి ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. ఒకమ్మాయి ఇంగ్లీషులో ఎంతో మర్యాదగా మాట్లాడింది. ఈ రకం ఇప్పుడు అమ్మడం లేదు, కొత్త అనుమతులు ఇవ్వలేము, కొత్తరకం కొనుక్కోవచ్చు అంది. కొత్తరకం ఈ పాత సిస్టంలో పనిచేయదట, కంపెనీ పెట్టిన ఉచిత సిస్టంలోనూ పనిచేయదట. లేదంటే ఎక్కించి ఉన్న కంప్యూటర్ నుంచి ఒక అనుమతి వాపసు చేయించుకోండి, వెంటనే ఇక్కడ వాడుకోవచ్చు, ఇంకా ఏమైనా సహాయం కావాలా అని అడిగింది.

“మూడోది యాడుందన్నా?” అన్నాడు ప్రసాద్ ఫోన్ పెట్టేసి.

సిలార్ బల్ల అంచును బొటనవేలితో గీరుతూ కూర్చున్నాడు.

“ఒకరికి ఇచ్చినా.”

ఐదేళ్ళ కిందటి మాట. పులికాట్ ఒడ్డున ఒక పల్లె నుంచి చిన్నపోలయ్య అనే గుంట కాపలామనిషి తన యజమాని తరఫున మేత కోసం ఫోన్ చేసేవాడు. ఒకరోజు సిలార్‌కు చూపులేదని ఎవరి ద్వారానో తెలుసుకుని, మేత సంగతి మర్చిపోయి, “సార్, మా పాప కూడా అంతే. పదిహేనో ఏట మెదడు జరమొచ్చి కళ్ళు పోయినాయి. రెండేళ్ళుగా మూల్లో కూర్చోనుండాది” అని ఏడ్చాడు. సిలార్ తొమ్మిది ఆదివారాలు మూడు బస్సులు మారి ఆ పల్లెకు పోయాడు. లిల్లీ ఆ పిల్ల పేరు. చర్చివాళ్ళు ఇచ్చిన పాత ల్యాప్‌టాప్‌లో దొరను ఎక్కించి, దారం పట్టుకుని నడిపించినట్టు మీట వెనక మీట నేర్పాడు. ‘మూడోది దాచుకో సిలార్, ఎప్పుడో ఒకప్పుడు అక్కరకొస్తాది’ అని సంజీవరావు రిటైరయ్యేముందు చెప్పిన మాట అతనికి గుర్తు లేకపోలేదు. ఇప్పుడా పిల్ల డాక్టర్లు చెప్పిన మాటలు రికార్డులో విని, టైపుచేసి, చెన్నైలోని ఆస్పత్రికి పంపుతుంది. ఇంట్లో కూర్చునే.

పన్నెండింటికి మేనేజరు పిలిచింది. వనజాక్షి ఈ ఊరికి వచ్చి ఏడాది. చెడ్డమనిషి కాదు. సిలార్ కూర్చునేదాకా నిలబడే ఉంటుంది. ఆమె గదిలో ఏసీ చలికి అతని మోచేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

“సిలార్ గారూ, హెడ్డాఫీసుతో మాట్లాడాను. ఒక్కరి కోసం వేరే సిస్టం కొనడం కుదరదన్నారు. పైగా కంపెనీ లైసెన్స్ బయటివాళ్ళ దగ్గర ఉందంటే లీగల్ వాళ్ళు ఊరుకోరు. ఎవరికిచ్చారో వాళ్ళకు ఇప్పుడే ఫోన్ చేసి వాపసు చేయించండి. ఒక్క బటనే కదా. రేపట్నుంచి మీరు అకౌంట్సు గదిలో కూర్చోండి, అన్నీ మామూలే. నేను చూసుకుంటాను.”

“వాళ్ళకి పనిపోతాది మేడం.”

“మీకు పోతుంది,” అంది వనజాక్షి. బెదిరింపుగా అనలేదు. అందుకే అది అతనికి మరీ గట్టిగా తగిలింది.

అన్నం వేళకు అందరూ లోపలికి వెళ్ళారు. సిలార్ గోడౌను వెనక, బస్తాల నీడలో నిలబడి తన సెల్‌ఫోన్ తీశాడు. తిట్టుకున్నాడు ముందు. ఆదివారం వచ్చినవాళ్ళను, బటన్లకు పేర్లు పెట్టనివాళ్ళను, చివరికి ఆ పిల్లను కూడా. దానికి ఇరవై రెండు. తల్లీ తండ్రీ ఉన్నారు. ఇంకేదో నేర్చుకుంటుంది. నాకు యాభై ఒకటి. పేము పోయింది, బూత్ పోయింది, ఇప్పుడు ఇది. ఇంకోటి నేర్చుకునే ఓపిక ఎవడికుంది? నాదే కదా అది. ఇచ్చినవాణ్ణి, అడిగే హక్కు లేదా?

నంబరు నొక్కాడు.

“సార్! మీరా?”

ఆమె గొంతు వెనక దొర మాట్లాడుతున్నాడు. సిలార్ ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకున్నాడు. అదే గొంతు. కానీ ఎంత వేగంగా! గింజలు జల్లెడలో పోసినట్టు మాటలు. పన్నెండేళ్ళు విన్న సిలార్‌కే ఒక్క మాటా పట్టుబడలేదు.

“ఇంత జోరుగా పెట్టుకున్నావా? తెలస్తాదా నీకు?”

“అలవాటయింది సార్. మీరు నేర్పిన స్పీడుకు మూడింతలు.” ఆమె నవ్వింది. అతనికి గర్వమూ కలిగింది, గుండెలో చిన్న మంటా కలిగింది. “ఏం సార్, ఈ టైముకు చేసినారు?”

“ఒకటి అడగదామని.”

“అడగండి సార్.”

అతను నోరు తెరిచాడు. అడగాల్సిన మాట చిన్నది. అది నాలుక మీదికి వచ్చింది కూడా. అంతలో అవతల చిన్నపోలయ్య కేకేశాడు. “సిలార్ సారా? సార్, ఈ నెల నుంచి ఇంకో ఆస్పత్రోళ్ళు గూడా పాపకే పనిచ్చినారు! నేను కాపలా మానేస్తాండా!”

గోడౌను రేకుల మీద ఎండ చిటపటమంటోంది. సిలార్ ఫోన్‌ను రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

“లిల్లీ, ఆ ల్యాప్‌టాప్ ఎవురి చేతికీ ఇయ్యబాక. రిపేరని ఎవురన్నా తుడస్తామంటే ఒప్పుకోబాక. ముందు వాపసు బటన్ నొక్కాల. అది పోతే మళ్ళా రాదు. అర్థమయిందా?”

“అయింది సార్. ఇదే అడగదామనుకున్నారా?”

“ఇదే.”

“మీది బాగా పనిచేస్తాండాదా సార్?”

“నాది బాగుండాది.”

మూడున్నరకు కాగితం వచ్చింది. వనజాక్షి గదిలో సుబ్బు చదివి వినిపించాడు. కంపెనీ ఆస్తి అయిన సాఫ్ట్‌వేర్ అనుమతిని నేను ఎవరి అనుమతీ లేకుండా బయటి వ్యక్తికి ఇచ్చాను, ఇందుకు పూర్తి బాధ్యత నాదే.

“మళ్ళా చదువు,” అన్నాడు సిలార్. సుబ్బు చదివాడు. రెండోసారి ‘బయటి వ్యక్తి’ దగ్గర ఆగి, తర్వాతి మాటకు దాటాడు.

“కంపెనీ ఆస్తి అంటే? సగం నా జీతంలో పట్టుకున్నారే. అది గూడా రాయండి.”

“బిల్లు కంపెనీ పేరున ఉంది సిలార్ గారూ. అట్లా రాయలేం,” అంది వనజాక్షి.

“బయటి వ్యక్తి పక్కన ఆగినావే, అక్కడేముండాది సుబ్బూ?”

“ఖాళీ ఉండాది భాయ్. పేరు, ఊరు రాయాల.”

“పేరు చెప్పండి చాలు,” అంది వనజాక్షి. “మిగిలింది లీగల్ వాళ్ళు మాట్లాడుకుంటారు. మీరు అడగలేకపోతే వాళ్ళే అడుగుతారు. మీ సీటు మీకుంటుంది.”

నెల్లూరు నుంచి తడ దాకా మూడు వందల మంది రైతుల ఫోన్ నంబర్లు, వాళ్ళ గుంటల లోతులు, ఏ ఏడు ఏ తెగులు వచ్చి ఎవరి పంట పోయిందో, ఇరవై అంకెల లైసెన్స్ నంబరు, అన్నీ తలలో ఉన్న మనిషి మొహం పైకెత్తాడు.

“గుర్తులేదు మేడం.”

వనజాక్షి కాగితం అతని ముందుకు జరిపింది. సుబ్బు అతని చూపుడువేలును పట్టుకుని, సంతకం చేయాల్సిన గీత మొదట్లో ఆనించాడు. సిలార్ పెద్ద అక్షరాలతో, గీతకు కాస్త కిందికి జారుతూ, సంతకం చేశాడు. పైన ఖాళీ ఖాళీగానే ఉండిపోయింది.

“హెడ్డాఫీసు ఏ సంగతో తేల్చేదాకా సెలవులో ఉండండి,” అంది వనజాక్షి మెల్లగా. “నేనే ఫోన్ చేస్తాను.”

“చేయండి మేడం.”

తన బల్ల దగ్గరికి వచ్చి, సాయంత్రం దాకా వచ్చి తలలో మిగిలిన ఆర్డర్లు ఒక్కొక్కటే సుబ్బుకు చెప్పాడు. పధ్నాలుగు. ఊరు, పేరు, మేత నంబరు, బస్తాలు. ఒక్కటీ తప్పలేదు. ఈసారి సుబ్బు విసుక్కోకుండా రాసుకున్నాడు. చివరిది రాస్తుండగా ఫోన్ మోగింది.

“భాయ్, నిలబడినాయి!” గంగులయ్య గొంతులో చెరువంత వెలుతురు ఉంది. “అన్నీ కిందికి దిగినాయి. నీళ్ళు తేటపడినాయి. నువ్వు చెప్పకపోతే మేతేసి చంపేసుండేవాణ్ణి.”

“రేపు పొద్దున పావువంతు మేత వెయ్యి. గుంటలో దించిన తట్టలో తిన్నాయో లేదో చూసినాకనే మిగతాది.”

“అట్నే భాయ్. చూసి రేపు నీకు ఫోన్ చేస్తా.”

సిలార్ ఫోన్‌ను దాని గూట్లో సరిగ్గా కూర్చోబెట్టాడు. కర్ర తీసుకున్నాడు. కుర్చీని బల్లకిందికి తోశాడు. యాభై రెండు అడుగులు, ముప్పై నాలుగు అడుగులు. టీకొట్టాయన రోజూలాగే “పోతాండావా భాయ్” అన్నాడు. “పోతాండా” అని సిలార్ అన్నాడు.

వనజాక్షి ఫోన్ చేయలేదు. మూడు వారాల తర్వాత రిజిస్టరు పోస్టులో ఉత్తరం వచ్చింది. కుట్టుమిషన్ ఆపి సంతకం పెట్టి తీసుకున్న ముంతాజ్, పక్కింటివాళ్ళ చేత చదివించింది. సిలార్ మంచం మీద పడుకుని విన్నాడు. రెండోసారి చదవమనలేదు.

ఆఫీసు ఫోన్‌కు ఇప్పుడు మనిషి పలకడు. రికార్డు చేసిన గొంతు తెలుగుకు ఒకటి, మేతకు రెండు, ఫిర్యాదుకు మూడు నొక్కమంటుంది. మొదటి వారం రైతులు సుబ్బు సొంత ఫోన్‌కు చేసి సిలార్ భాయ్ యాడని అడిగారు. సెలవులో ఉండాడని చెప్పాడు. రెండో నెలకు అడగడం మానేశారు. గంగులయ్య గుంట ఆ పంటకు సగం పోయిందని, మూడు నొక్కి ఎంతసేపు పట్టుకున్నా ఎవరూ పలకలేదని, గోడౌనుకు వచ్చిన లారీ డ్రైవరు ఎవరితోనో అంటుంటే సుబ్బు విన్నాడు. విని, కాగితాల్లోకి తల వంచుకున్నాడు.

నీళ్ళ మిషన్ పక్కన కిటికీ గట్టుమీద, కంపెనీ అందరికీ పంచిన ఒకే రకం స్టీలు బాటిళ్ళు వరసగా నిలబెట్టి ఉంటాయి. ఊడ్చే పేరమ్మ రోజూ గట్టు తుడిచేటప్పుడు అన్నిటితోపాటు చివరిదాన్నీ ఎత్తి, కింద తుడిచి, మళ్ళీ అక్కడే పెడుతుంది. దాని మెడకు, ముంతాజ్ మిషన్ మీది నీలం కుట్టుదారం నాలుగు చుట్లు చుట్టి, వేలికి తగిలేటట్టు ముడివేసి ఉంది.